వాఘమారే చెయ్యొద్దు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన కేంద్రం పెద్ద, మనమందరం అక్కా అన్నట్టు తాయి అని పిలుచుకునే నీలాంబరీ దాండేకర్ గారికి, ఇందాకటి నుంచి నా గురించి మాట్లాడి నన్ను నేనే గుర్తుపట్టలేనంత మంచివాణ్ణి చేసేసిన ప్రసన్న తాంబే గారికి, ముందు వరసలో కూర్చుని ‘ఎక్కువ మాట్లాడకు’ అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడ మృదులకు, సపోర్ట్ వాళ్ళకు, టెస్టింగ్ వాళ్ళకు, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు, వాళ్ళు రాసినదాన్ని మనుషులకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇరవై ఎనిమిదేళ్ళుగా నాతోపాటు మాటలు వెతికిన మిత్రులకు, వెనక తలుపు దగ్గర కూర్చున్నవారికి, అందరికీ ఈ హేరంబ్ ఫడ్నీస్ నమస్కారాలు.

సగ్గుబియ్యం వడలు చల్లారిపోతున్నాయని నాకూ తెలుసు. పుణె మనిషి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసినట్టు నోరూ మూస్తాడు కాబట్టి దాండేకర్ తాయి తెలివిగా ఈ సభను నాలుగున్నరకు పెట్టారు. (నవ్వులు) నేను పుట్టింది పుణె నడిబొడ్డున, పాత బ్రాహ్మణ కుటుంబాలుండే సదాశివ పేఠ్‌లో. మా ఇంటి గేటు మీద మా తాత రాయించిన బోర్డు ఒకటి ఉండేది: ‘గంట ఒక్కసారే నొక్కండి. లోపలివాళ్ళకు చెవుడు లేదు, తొందరా లేదు.’ అలాంటి బోర్డులు చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నవాడికి హెచ్చరికలు రాసే ఉద్యోగం దొరకడంలో వింతేముంది?

ఈ రోజు చాలామంది ఇళ్ళ నుంచి కూడా వచ్చారు కాబట్టి వాళ్ళ కోసం రెండు ముక్కలు. మేమిక్కడ తయారుచేసేది వందలాది డిస్కులను కలిపి ఒకే పెద్ద గోదాములాగా చూపించే సాఫ్ట్‌వేర్. బ్యాంకులు, ఆసుపత్రులు, రైళ్ళవాళ్ళు తమ సమాచారం అందులో పెట్టుకుంటారు. ఒక డిస్కు పాడైతే పని ఆగకూడదు కదా, అందుకని ప్రతి డిస్కుకూ ఒక జంట ఉంటుంది, దీనిలో ఉన్నదంతా దానిలో నకలు పడుతూ ఉంటుంది. ఆర్నెల్లకోసారి కొత్త రకం విడుదల చేస్తాం. దానితోపాటు రిలీజ్ నోట్స్ అని ఒక పుస్తకం వెళుతుంది, అచ్చు వెయ్యం, వెబ్‌లోనే ఉంటుంది. అది రాసేవాణ్ణి నేను.

అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది కొత్త సదుపాయాలు, రెండోది తెలిసిన లోపాలు. పెళ్ళి సంబంధం తెచ్చిన మధ్యవర్తి చెప్పేది మొదటి భాగం: అబ్బాయికి ఇల్లుంది, ఉద్యోగముంది, తాగడు, తిరగడు. ఎదురింటి అత్తగారు చాటుగా పిలిచి చెప్పేది రెండో భాగం. మొదటి భాగం రాస్తానని అందరూ ఎగబడతారు. రెండోది నాకు వదిలేస్తారు. అక్కడ కూడా ‘అబ్బాయి గిన్నెలు విసురుతాడు’ అని రాయనివ్వరు, ‘అరుదైన సందర్భాల్లో గిన్నెలు స్థానం మారవచ్చు’ అని రాయాలి. (నవ్వులు) మృదుల దగ్గర నా ముప్పై ఏళ్ళ తెలిసిన లోపాల జాబితా ఉంది, దానికి కొత్త సదుపాయాల పేజీయే లేదు. (నవ్వులు)

ఇంతవరకు మీరు ఎదురుచూసిన ఫడ్నీస్ కాకా, అంటే మీ అందరి ఫడ్నీస్ బాబాయి, మాట్లాడాడు. ఇక మిగతాది.

తాంబే గారు ఇందాక రెండు మాటలన్నారు. ఫడ్నీస్ కాకా ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క దిద్దుబాటు కూడా వెయ్యాల్సిన అవసరం రాని మనిషి అన్నారు. తర్వాత, తాను ఉద్యోగంలో చేరినప్పుడు కాకా దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ‘వాఘమారే చెయ్యొద్దు’ అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, మీలో ఎవరైనా నా వైపు చూస్తే కనబడే ఉంటుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి నవ్వు అది.

ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ మాట తెలియదు. వాఘమారే చెయ్యడం అంటే, హెచ్చరిక కళ్ళముందే ఉన్నా చదవకుండా పనిలోకి దూకడం అని మా ఆఫీసులో అర్థం. ఎవరైనా పొరపాటు చేస్తే ‘ఏంటి బాబూ, వాఘమారే చేశావా’ అంటారు. ఈ మాట రోడ్డు దాటి పక్క కంపెనీలకూ వెళ్ళింది. ఇప్పుడు చేరుతున్న పిల్లల్లో చాలామందికి వాఘమారే అనేది ఒక మనిషి ఇంటిపేరని కూడా తెలియదు.

సుమేధా వాఘమారే. మరాఠ్వాడా మూలన ఉన్న ఉద్‌గీర్ నుంచి వచ్చింది. ఆరేళ్ళ క్రితం సపోర్ట్‌లో పనిచేసేది. నాకు తెలిసి ఈ భవనంలో నా పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే. చదవడమంటే మామూలు చదువు కాదు. ఏ పని మొదలుపెట్టేముందైనా నేను ఇంగ్లీషులో రాసిన ప్రతి మెట్టునూ తన డైరీలో మరాఠీలోకి మార్చి రాసుకునేది. ఒకసారి ఇరవై రెండో పేజీ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, కాకా, ఇక్కడ ‘తరువాత’ అన్నారు, వెంటనే అనా, ఎప్పుడైనా అనా అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆ మాట మార్చాను. ఆమెకు చెప్పలేదు.

ఆ ఏడాది మార్చి విడుదలలో తెలిసిన లోపాలు అరవై ఒకటి తేలాయి. రెండు పేజీల్లో సరిపెట్టాలని నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటుంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, దాండేకర్ తాయి ఎన్ని పేజీలైనా పరవాలేదనే అన్నారు. నా వాక్యాలంటే నాకు మోజు, అంతే. ఆ జాబితాలో పక్కపక్కనే రెండు లోపాలు ఉన్నాయి. ఒకదాని సారాంశం, జంట డిస్కుల మధ్య నకలు పడడం ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టండి అని. రెండోదాని సారాంశం, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మంచి డిస్కు పేరు ముందు ఇవ్వండి, లేకపోతే పాత నకలు వచ్చి కొత్తదాన్ని చెరిపేస్తుంది అని. ‘మళ్ళీ మొదలుపెట్టడం’ రెండుసార్లు వచ్చింది. ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది నాకు. రెండింటినీ ఒక్కటి చేశాను: ‘నకలు ఆగిపోతే, రెండు డిస్కుల పేర్లూ ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.’

చక్కటి వాక్యం. ఇప్పటికీ చక్కగానే ఉంది. ఏ పేరు ముందు ఇవ్వాలన్నది మాత్రం అందులో లేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మిరజ్ వైపు ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నకలు ఆగిపోయింది. సుమేధా పుస్తకం తెరిచి, ఆ వాక్యాన్ని డైరీలో మరాఠీలో రాసుకుని, అక్కడివాళ్ళ చేత రెండు పేర్లూ తెర మీద ఏ వరసలో కనబడితే ఆ వరసలోనే ఇప్పించింది. పదకొండు రోజుల నాటి పాత నకలు వచ్చి కొత్తదాని మీద కూర్చుంది. పదకొండు రోజుల స్కానింగులు పోయాయి. మూడు వందల పైచిలుకు రోగులను మళ్ళీ పిలిపించాల్సి వచ్చింది. అందులో కొందరు పొద్దున్నే ఎర్రబస్సెక్కి, పనులు మానుకుని, తిండి మానేసి ఖాళీ కడుపుతో రావాల్సినవాళ్ళు. వాళ్ళకు ఫోన్లు చెయ్యడానికి ఆసుపత్రి సిబ్బందితో కలిసి సుమేధా నాలుగు రోజులు కూర్చుంది. ఆ పని ఆమెను ఎవరూ చెయ్యమనలేదు.

సోమవారం పొద్దున ఈ వార్త నాకు తెలిసింది. తెలిసిన క్షణంలోనే ఏ వాక్యమో తెలిసిపోయింది. వెబ్‌లో ఉన్న మన పేజీ తెరిచి, మంచి డిస్కు పేరు ముందు ఇవ్వండి, లేకపోతే సమాచారం పోతుంది అని చేర్చాను. అది చెయ్యాల్సిన పనే. ఇంకో ఆసుపత్రికి ఆ గతి పట్టకూడదు కదా. అయితే ఆ పేజీ అడుగున ‘చివరిసారి మార్చిన తేదీ’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని చేత్తో మార్చాలి. మార్చి పన్నెండు అని ఉంది. దాని మీద వేలు పెట్టాను, తీసేశాను. మరిచిపోయానని ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. మరిచిపోలేదు.

(విరామం)

మంచినీళ్ళు అక్కర్లేదు తాంబే గారూ, కూర్చోండి.

బుధవారం విచారణ జరిగింది. పై అంతస్తులో ఆ పొడవాటి గదిలో పదకొండుమందిమి కూర్చున్నాం. మాలో ఏడుగురం ఈ హాల్లోనే ఉన్నాం. దాండేకర్ తాయి పేజీని గోడ మీద చూపించమన్నారు. వాక్యం అక్కడ ఉంది, ఎంత పెద్దగా ఉందో. అడుగున తేదీ మార్చి పన్నెండు. తాయీ, మీరు తల దించుకోకండి. మీరు చూసింది నేను పెట్టినదే.

సుమేధా లేచి, శనివారం ఈ వాక్యం లేదు అంది. డైరీ తెరిచి చూపించింది. అందులో లేదు. అప్పుడు ఒకరు, పేరు చెప్పను, ఆయన ఇప్పుడు ఇక్కడ పనిచెయ్యడం లేదు, ‘ఇంగ్లీషు కొంచెం కష్టమేమోనమ్మా, సగం రాసి సగం వదిలేసి ఉంటావు’ అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, ఆ మెత్తదనానికి నలుగురు తలలూపారు. ఉద్‌గీర్ నుంచి వచ్చిన వాఘమారే చదవలేదనడం అందరికీ ఎంత తేలిగ్గా నోట్లోకి వచ్చిందో, సదాశివ పేఠ్ ఫడ్నీస్ రాయలేదనడం అంత తేలిగ్గా ఎవరి నోట్లోకీ రాలేదు. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం చెప్పినట్టే, అది నాకు ఆ గదిలోనే తెలుసు. దాని నీడలోనే కూర్చున్నాను.

అప్పుడామె నా వైపు తిరిగింది.

‘కాకా, మీరు చెప్పండి. శనివారం నాడు ఆ వాక్యం ఉందా?’

నేనన్న మాట అక్షరం తప్పకుండా చెబుతాను. ‘పేజీలో ఏముందో అందరూ చూస్తూనే ఉన్నారు కదమ్మా.’

చూడండి. అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. గిన్నెలు స్థానం మారవచ్చు అని ఇరవై రెండేళ్ళు రాసి రాసి, అబద్ధమాడకుండా మనిషిని ముంచడం ఎలాగో బాగా వంటబట్టింది నాకు. ఆమె డైరీ మూసేసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆమెను సపోర్ట్ నుంచి తీసేసి పాత ఫైళ్ళు సర్దే చోట వేశారు. ఏడాది చూసి వెళ్ళిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే పాఠంలో ఆమె కథ ఒక పేజీ అయింది. పేరు పెట్టొద్దని అన్నానా? లేదు. మొదటిసారి ఆ పేజీ వచ్చినప్పుడు చదవకుండా తిప్పేశాను. రెండో ఏడు చదివాను. మూడో ఏడు పిల్లలు నవ్వేచోట ఆగి, నవ్వయ్యాక మొదలుపెట్టడం నేర్చుకున్నాను. తాంబే గారూ, మీరు నా దగ్గర నేర్చుకున్నది అదే. మీ తప్పు లేదు.

ఈ నెల మొదట్లో, ఇక్కడ ఎవరో చెప్పగా విన్నాను. ఆమె వెళ్ళిన ప్రతిచోటా ఇంటర్వ్యూలో ఇంటిపేరు చూసి, ఆ వాఘమారేవి నువ్వేనా అని అడుగుతారట. ఒకచోట ఆమె అవునందట, ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయిందట. రోడ్డుకు అవతల చిన్న కంపెనీలో ఇప్పుడు పనిచేస్తోంది. అక్కడ తన పేరు సుమేధా ఎస్. అని మాత్రమే రాసుకుంటోంది.

మనిషి తన ఇంటిపేరు దాచుకోవాల్సి రావడం ఎంత సిగ్గుచేటో నాకు చెప్పనక్కర్లేదు. ఆ సిగ్గు నాది. ఆరేళ్ళుగా ఆమె మోస్తోంది. నేను తలెత్తుకుని తిరిగాను, ఇంత శాలువా కప్పించుకుని కూర్చున్నాను.

పోయిన ఆదివారం ఆమెకు ఫోన్ చేశాను. ఆరేళ్ళలో మొదటిసారి. ఆ వాక్యం శనివారం లేదమ్మా, నేనే సోమవారం చేర్చాను అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, నా మనసు ఎంత నీచమంటే, క్షమిస్తుందేమోనని కూడా అనుకున్నాను. అటువైపు కుక్కర్ కూత వినబడింది.

‘లేదని నాకు ఆ రోజే తెలుసు, కాకా,’ అంది. ‘నాకు తెలిసినదాన్ని నాకే చెప్పడానికి ఫోన్ చేశారా? తెలియనివాళ్ళకు చెప్పండి.’

అందుకే చెబుతున్నాను. ఇంట్లో ఈ విషయం మృదులకు కూడా తెలియదు. మృదులా, ఇంటికెళ్ళాక నువ్వేమన్నా పడతాను. దాండేకర్ తాయీ, విచారణ కాగితాల్లో ఆమె పేరు పక్కన ఏం రాసి ఉందో అది మీరు మార్పించాలి. నేను రాసిచ్చిన ఉత్తరం మీ ముందు బొకే కింద ఉంది. తాంబే గారూ, రేపటి నుంచి పాఠంలో ఆ పేజీ ఉంచండి, కథ మార్చండి, పేరు నాది పెట్టండి. ఫడ్నీస్ చెయ్యడమంటే ఏమిటో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమేమీ కాదు.

సుమేధా తాయి వెనక తలుపు దగ్గర కూర్చున్నారు. నేను పిలిస్తే వచ్చారు. వస్తానని మాట ఇవ్వలేదు, వచ్చారు. దయచేసి అందరూ ఒక్కసారి తిరిగి చూడకండి, ఆమెకు ఇబ్బంది. సరే, చూశారు. (విరామం) సుమేధా తాయీ, శనివారం నాడు ఆ వాక్యం లేదు. మీరు చదివారు. సరిగ్గానే చదివారు. అక్కడ ఉన్నదంతా చదివారు. లేనిది నా వల్ల లేదు.

(విరామం)

చప్పట్లు వద్దు. ఎవరండీ అది, దయచేసి వద్దు. ఇది చప్పట్ల పని కాదు.

ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు సాయం చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా... ఏమన్నారు? సుమేధా తాయీ, ఇక్కడికి వినబడలేదు. అక్కడ మైకు లేదు, కాస్త...

(విరామం)

ముందు వరసల్లో వినబడని వాళ్ళ కోసం నేను చెబుతాను. ‘తేదీ మార్చారా, కాకా?’ అని అడుగుతున్నారు.

లేదు.

లేదు తాయీ, మార్చలేదు. ఆ పేజీ అడుగున ఇప్పటికీ మార్చి పన్నెండు అనే ఉంది. వారం రోజులు కూర్చుని ఈ ప్రసంగం రాశాను, నాలుగుసార్లు తిరగరాశాను, ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టుకున్నాను, ఉత్తరం కూడా రాశాను. ఆ గడి తెరవలేదు. నాకు గుర్తే రాలేదు అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఇంక అనను. ఈ హాల్లో ఉన్నది నూట యాభైమంది, ఆ పేజీ చదివేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ళ దగ్గర ఆమె ఈ క్షణానికి కూడా చదవని మనిషే. తల కొట్టేసినట్టుంది నాకు.

ఇప్పుడు టైమెంతయింది? ఐదూ పది. నా గుర్తింపు కార్డు ఆరింటికి పనిచెయ్యడం మానేస్తుంది, ఆ తర్వాత ఆ పేజీ నన్ను లోపలికి రానివ్వదు. నా ప్రసంగం ఇంకా రెండు కాగితాలుంది. అందులో మీ అందరి పేర్లూ ఉన్నాయి, మంచి మాటలే ఉన్నాయి, ఇదిగో తాంబే గారి చేతికి ఇస్తున్నాను, వడలు తింటూ చదువుకోండి. దాండేకర్ తాయీ, ఈ శాలువా, కొబ్బరికాయ ఇక్కడే పెడుతున్నాను, వీటి సంగతి మీరు తర్వాత ఆలోచించండి.

సుమేధా తాయీ, మూడో అంతస్తులో నా బల్ల ఇంకా ఖాళీ చెయ్యలేదు. మీరు రావాలి. తేదీ మారుస్తాను, ఈ వాక్యం ఏ రోజున చేర్చామో, ఏ రోజున లేదో కింద రాస్తాను. వాక్యం మాత్రం నేను కట్టను. మీరు చెప్పండి, మీ మాట మీరన్నట్టే పెడతాను, ఒక్క ముక్క కొట్టెయ్యను.

వస్తున్నారా? వస్తున్నారు. కాస్త దారి ఇవ్వండి ఆమెకు.

ఇంతసేపు విన్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఆమె దగ్గర సెలవు అడిగే మొహం నాకింకా లేదు, మీ దగ్గరే తీసుకుంటున్నాను. సెలవు.